పెళ్లయింది, ఉద్యోగం ఉంది... నాకు ఆటిజం ఉందేమో పరీక్ష చేయించుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది హన్మకొండ. నాకు 34 ఏళ్లు. ప్రభుత్వ బ్యాంకులో పనిచేస్తాను. ఆరేళ్ల పాప ఉంది. పోయిన ఎండాకాలం మా అక్క కొడుక్కి ఆటిజం అని చెప్పారు. అక్కకు తోడుగా నేనూ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. బాబు గురించి ఆయన అడిగిన ఒక్కో ప్రశ్నకీ ‘ఇది నేనే కదా’ అనిపించింది. చిన్నప్పుడు పరకాల దగ్గర మా ఊళ్లో బతుకమ్మ పేర్చడం నా పని. గునుగు, తంగేడు వరస తప్పకుండా గంటలకొద్దీ పేర్చేదాన్ని. అందరూ చుట్టూ చేరి చప్పట్లు మొదలుపెట్టగానే ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఇప్పటికీ ఫంక్షన్ ఉందంటే ఎవరితో ఏం మాట్లాడాలో ముందురోజే అనుకుని పోతాను. తిరిగొచ్చాక ఒకరోజంతా ఏ పనీ చేయలేను. ఎవరికైనా ఫోన్ చేయాలంటే రెండు రోజులు ఆలోచిస్తాను. బ్యాంకులో చాలా ఏళ్లు లోన్ల ఫైళ్లు చూశాను, మంచి పేరుంది. ప్రమోషన్ ఇచ్చి జనం ఎక్కువగా వచ్చే బ్రాంచ్‌కి వేసినప్పటి నుంచి బాత్రూంలోకి పోయి ఏడ్చి వస్తున్నాను. కొన్ని రోజులు పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తోంది. మా అత్తమ్మ ‘పొగరు, ఇంటికి ఎవరొచ్చినా మాట్లాడది’ అంటుంది. మా ఆయన మంచివాడే. కానీ ‘నీకేం తక్కువ? ఫోన్‌ల చూసి అన్నీ నీకే ఉన్నయనుకుంటవు’ అంటాడు. ఇక్కడ చూస్తే అన్నీ పిల్లల సెంటర్లే. ఈ వయసులో నేను పరీక్ష చేయించుకోవచ్చా? ఎవరి దగ్గరికి పోవాలి? రేపు ఏదైనా గొడవైతే ఆ కాగితం నా మీదే వాడతారా? అసలు తెలుసుకుంటే లాభమేంటి?
– ఒక సోదరి, హన్మకొండ

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలన్నిటికంటే ముందు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘పొద్దున లేవకపోతే బాగుండు’ అని రాశారు. ఆటిజం సంగతి తేలాక దీన్ని చూసుకుందాంలే అని పక్కన పెట్టకండి. ఈ వారంలోనే ఒక సైకియాట్రిస్ట్‌ను కలవండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ అయినా సరే, హన్మకొండలో ప్రైవేటు డాక్టరైనా సరే. ఆ ఆలోచన మరీ ఎక్కువైతే, అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఫోన్ అంటే మీకు కష్టమని రాశారు కాబట్టి మీ ఆయన చేత డయల్ చేయించండి. మొదటి మాటలు ఆయనే చెప్పినా ఏం కాదు. ఏళ్లతరబడి అన్నీ తట్టుకుంటూ వచ్చి, పని ఒక్కసారిగా మీద పడ్డప్పుడు ఇలా కుంగిపోవడం ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలా కనిపిస్తుంది. ఆటిజం లేనివాళ్లకూ వస్తుంది. కారణం ఏదైనా ఈ కుంగుబాటుకు వైద్యం ఉంది. ఆ వైద్యం తీసుకుంటూ కూడా ఆటిజం పరీక్ష చేయించుకోవచ్చు, ఒకటి రెండోదానికి అడ్డం రాదు.

ఇక పరీక్ష సంగతి. చేయించుకోవచ్చు. చేయించుకోండి అనే నా సలహా.

మీ ఆయన ‘నీకేం తక్కువ’ అనడంలో చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. ఆటిజం అంటే మాటలు రాని చిన్న పిల్లాడు, ఒకే బొమ్మను తిప్పుతూ కూర్చునే అబ్బాయి, ఇదే మనందరి కళ్లముందు ఉన్న బొమ్మ. డాక్టర్లకూ చాలాకాలం అదే బొమ్మ. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ దీని గురించి వివరంగా రాసినప్పుడు ఆయన చూసిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలే. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ వివరించిన వాళ్లూ మగపిల్లలే. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నల పట్టికలు చాలావరకు అలాంటి పిల్లల్ని గుర్తుపట్టడానికే తయారయ్యాయి. నలుగురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల అని పుస్తకాల్లో రాసుకున్న లెక్క, జాగ్రత్తగా వెతికి చూస్తే ముగ్గురికి ఒకరు అని ఇప్పుడు తేలుతోంది. అంటే ఎంతోమంది ఆడపిల్లలు ఎవరి కంటా పడకుండానే పెద్దవాళ్లయ్యారు. కొందరికి డిప్రెషన్ అన్నారు, కొందరికి యాంగ్జైటీ అన్నారు, చాలామందికి మీ అత్తమ్మ అన్న మాటే వచ్చింది.

2013లో డీఎస్ఎం-5 అని, మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం కొత్తగా వచ్చింది. ఆస్పర్గర్ సిండ్రోమ్ లాంటి పాత పేర్లన్నీ తీసేసి ఆటిజం స్పెక్ట్రమ్ అని ఒకే గొడుగు కిందికి తెచ్చారు. అందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. లక్షణాలు చిన్నప్పటి నుంచే ఉండాలి, కానీ చుట్టూ ఉన్న ఒత్తిడి మనిషి శక్తిని మించేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చు, పెద్దయ్యాక నేర్చుకున్న పద్ధతుల వెనక దాగి ఉండొచ్చు అని అందులోనే రాసి ఉంది. లోన్ల సెక్షన్‌లో ఒకే తీరు పని, కాగితాలు, లెక్కలు, తెలిసిన నలుగురు మనుషులు. బ్రాంచ్‌లో క్యూ, అరుపులు, టోకెన్ మోత, నిమిషానికో కొత్త ముఖం. మీరు మారలేదు, మీ మీద పడే బరువు మారింది. నాకు ఆటిజం అయితే ఇన్నేళ్లు బాగానే ఎలా ఉన్నాను అనే సందేహం మీకు వస్తే ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఈ ఉత్తరంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట. డాక్టర్ దగ్గర మీరు ఏం చేయగలుగుతున్నారో చెప్పి ఊరుకోకండి. అది చేయడానికి మీకు ఎంత పడుతోందో చెప్పండి.

మీలాంటి చాలామంది ఆడవాళ్ల కేసు ఇక్కడే తప్పిపోతుంది. డాక్టర్ అడుగుతారు: స్నేహితులున్నారా? ఉన్నారండి. ఫంక్షన్లకు వెళ్తారా? వెళ్తానండి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడగలరా? చూస్తానండి. అంతే, కాగితం మీద అన్నీ మామూలే అయిపోతాయి. ఆ ‘వెళ్తానండి’ వెనక ముందురోజు సాయంత్రం అంతా కూర్చుని ‘పెద్దమ్మను మోకాళ్ల నొప్పి అడగాలి, వదినను పిల్లల చదువు అడగాలి’ అని వరసగా అనుకోవడం ఉంది. ఫంక్షన్ హాల్లో డీజే మోత, పట్టుచీర జరీ ఒంటికి గుచ్చుకోవడం, నాలుగు పక్కల నుంచి ఒకేసారి నలుగురు మాట్లాడటం, అన్నీ భరిస్తూ ముఖం మీద నవ్వు నిలబెట్టడం ఉంది. తెల్లారి మంచం దిగలేకపోవడం ఉంది. ఆ భాగం మీరు నోరు తెరిచి చెబితే తప్ప ఎవరికీ కనపడదు. చిన్నప్పటి నుంచి దాన్ని దాచడమే కదా మీరు నేర్చుకున్నది. దీన్ని మాస్కింగ్ అంటారు. మన ఇళ్లలో ఆడపిల్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది. ‘నవ్వు బిడ్డా, నమస్తే పెట్టు, అట్ల ముడుచుకుని కూసోకు, రేపు అత్తగారింట్ల ఏమంటరు’ అని రోజూ దిద్దుతూనే ఉంటారు. మగపిల్లాడు మూలన కూర్చుని రైళ్ల టైంటేబుల్ చదువుకుంటే వాడంతే అని వదిలేస్తారు.

అందుకని వెళ్లే ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకుని కొన్ని రోజులు రాయండి. పెద్ద పెద్ద మాటలొద్దు, ‘నాకు సామాజిక సంభాషణలో ఇబ్బంది ఉంది’ లాంటివి అసలొద్దు. జరిగింది జరిగినట్టు రాయండి. కుక్కర్ విజిల్‌కి, మిక్సీకి ఏం చేస్తారు? సింక్‌లో నానిన అన్నం మెతుకులు చేతికి తగిలితే ఎలా ఉంటుంది? రోజూ పోయే దారి మూసేస్తే, చెప్పకుండా చుట్టాలొస్తే మనసులో ఏం జరుగుతుంది? ఎవరైనా ‘చూద్దాంలే’ అంటే అది అవునో కాదో మీకు తెలుస్తుందా, లేక తర్వాత ఎవరో చెబితే అర్థమవుతుందా? మీకు గంటలు మర్చిపోయేంత ఇష్టమైన పని ఏంటి? కోపం, ఏడుపు పొంగినప్పుడు మాట ఆగిపోతుందా, ఎంతసేపటికి మామూలవుతారు? ఈ నోట్‌బుక్ డాక్టర్‌కు ఇచ్చేయొచ్చు. ఎదురుగా కూర్చుంటే మాట రాకపోయినా కాగితం మాట్లాడుతుంది. ఏం చెప్పాలో, ఎలా నవ్వాలో మాత్రం రిహార్సల్ చేసుకుని వెళ్లకండి. ఆరోజు కళ్లలోకి చూడాలనిపించకపోతే చూడకండి. చేతులు కదుపుతూ ఉండాలనిపిస్తే కదపండి.

రెండో ఆధారం మీ అమ్మ. పెద్దవాళ్ల పరీక్షలో బాల్యం గురించి తెలుసుకోవడమే కష్టమైన పని, ఎందుకంటే ఇది నిన్నగాక మొన్న వచ్చిన ఇబ్బందా, పుట్టినప్పటి నుంచి ఉన్న తీరా అన్నది అక్కడే తేలాలి. మీరు బతుకమ్మ గురించి రాసిన మూడు వాక్యాలు డాక్టర్‌కు బంగారం లాంటివి. వరసలు పేర్చడంలో అంత ఓపిక, గుంపు చేరి చప్పట్లు మొదలవగానే అంత ఇబ్బంది, రెండూ ఒకే పిల్లలో, ఒకే సాయంత్రం. అలాంటివి ఇంకా ఉంటాయి. పరకాల పోయినప్పుడు అమ్మను కదిపి చూడండి. ‘చిన్నప్పుడు నాకేమన్నా తేడా ఉండెనా’ అని అడిగితే ఏ తల్లయినా ‘నీకేమైంది, బంగారం లెక్క ఉంటివి’ అనే అంటుంది. విడివిడిగా అడగండి. మాటలు ఎప్పుడొచ్చినయి? పెండ్లి బాజా వింటే ఏం చేసేదాన్ని? తొక్కుడుబిళ్ల పిల్లలతో ఆడేదాన్నా, పక్కన నిలబడి చూసేదాన్నా? ఏ బట్టలకు ఏడ్చేదాన్ని? తినడానికి ఏవి ఒప్పుకునేదాన్ని, ఏవి ముట్టేదాన్ని కాదు? బళ్లో సారు ఏమని చెప్పేవాడు? పాత ప్రోగ్రెస్ కార్డులు పెట్టెలో ఉంటే తెచ్చుకోండి. ‘తెలివైనది, కానీ ఎవరితో కలవదు’ అని ఏ టీచరైనా రాసి ఉంటే ఆ మాటకు విలువ ఉంది. అమ్మకు ఆటిజం అనే మాట చెప్పాల్సిన పనిలేదు. నీ చిన్నప్పటి ముచ్చట్లు రాసుకుంటున్నా అంటే చాలు, సంతోషంగా చెబుతుంది.

ఎవరి దగ్గరికి పోవాలన్నది తర్వాతి మాట. హన్మకొండ, కరీంనగర్‌లలో ఆటిజం బోర్డులున్నవి చాలావరకు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చేసే పిల్లల సెంటర్లు. ప్రభుత్వం తరఫున జిల్లాల్లో ఉండే డీఈఐసీలు, అంటే పిల్లల్లో ఎదుగుదల ఇబ్బందులను తొందరగా గుర్తించే కేంద్రాలు కూడా 18 ఏళ్లలోపు వాళ్లకే. కాబట్టి మీ దారి వేరు. ముందు సైకియాట్రిస్ట్, ఆయన లేదా ఆవిడ ద్వారా క్లినికల్ సైకాలజిస్ట్, అంటే మందులు రాయకుండా మాటలతో, ప్రశ్నలతో పరీక్షించే నిపుణులు. సైకాలజిస్ట్ విషయంలో ఒకటి తప్పకుండా చూడండి. క్లినికల్ సైకాలజిస్ట్‌కు ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ అది ఉండదు. నంబర్ అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు, అడగండి.

ఎంజీఎం కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆస్పత్రి, సైకియాట్రీ విభాగం ఉంది. కుంగుబాటుకు వైద్యం అక్కడ మొదలుపెట్టుకోవచ్చు, హైదరాబాద్‌కు రిఫరల్ కూడా అడగొచ్చు. ఓపీ రద్దీ మీకు కష్టమే. తోడు ఎవరినైనా లైన్లో నిలబెట్టి మీరు బయట కూర్చోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఎర్రగడ్డలో ఉంది. ఎర్రగడ్డ అనగానే మన దగ్గర ఎగతాళి మాట ఒకటి ఉంది, దాన్ని పట్టించుకోకండి. వివరంగా చూడాలంటే బెంగళూరులో నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. దూరం వెళ్లలేకపోతే వీడియో కాల్‌లో మాట్లాడే సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో మీ కుర్చీలో కూర్చుని మాట్లాడటం మీకు తేలిక కావచ్చు కూడా. ఎక్కడైనా సరే, పెద్దవాళ్లను, అందులో ఆడవాళ్లను పరీక్షించిన అనుభవం ఉందా అన్నదే మొదటి ప్రశ్న. ఫీజు ఎంత, ఎన్నిసార్లు రావాలి, చివర రాతపూర్వక రిపోర్ట్ ఇస్తారా అన్నది ముందే తేల్చుకోండి.

పరీక్ష అంటే రక్తం తీసేదో స్కానింగో కాదు. ఆటిజాన్ని చూపించే రక్తపరీక్ష లేదు. థైరాయిడ్, రక్తహీనత లాంటివి మీ నీరసానికి కారణమేమో చూడటానికి రక్తం తీస్తే తీస్తారు, అది వేరే సంగతి. అసలు పని మాటల్లోనే జరుగుతుంది. ఒకటికి రెండుసార్లు కూర్చోబెట్టి చిన్నప్పటి నుంచి అడుగుతారు, కొన్ని ప్రశ్నల పట్టికలు నింపమంటారు, మీతో మాట్లాడుతూ మీరు స్పందించే తీరు గమనిస్తారు. పది నిమిషాల్లో ఉందనో లేదనో తేల్చి పంపిస్తే అది పరీక్ష కాదు. ఉంది అన్నా సరే నమ్మొద్దు.

మీరు ఫోన్‌లో ఆ ప్రశ్నల పట్టికలు ఇప్పటికే నింపి ఉంటారని అనుకుంటున్నాను. 50 ప్రశ్నల ఏక్యూ, 80 ప్రశ్నల రాడ్స్-ఆర్, మాస్కింగ్ కొలిచే 25 ప్రశ్నల క్యాట్-క్యూ. నింపితే తప్పేం లేదు, మార్కులు తీసుకెళ్లి చూపించండి. కానీ ఆ మార్కుల్ని తీర్పుగా తీసుకోకండి. అవి విదేశాల్లో అక్కడి జీవితాన్ని బట్టి తయారైనవి. ఏక్యూలో మ్యూజియానికి పోతారా నాటకానికి పోతారా అనే ప్రశ్న ఉంది. హన్మకొండలో ఉద్యోగం చేసుకుంటూ పాపను పెంచే మనిషికి ఆ ప్రశ్న ఏ మాత్రం పనికొస్తుంది? యాంగ్జైటీ ఎక్కువున్నా వాటిలో మార్కులు పెరుగుతాయి, డిప్రెషన్‌లోనూ పెరుగుతాయి.

మరో విషయానికి మనసును సిద్ధం చేసుకోండి. జవాబు ఆటిజం కాకపోవచ్చు. సోషల్ యాంగ్జైటీ, ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ చేయడం), చిన్నతనంలో తగిలిన పెద్ద దెబ్బల ప్రభావం, వీటన్నిటి పోలికలు దీనితో కలుస్తాయి. రెండు మూడు కలిసి కూడా ఉంటాయి. నలుగురు ఏమనుకుంటారో అన్న భయమే ప్రధానమైతే, సొంత మనుషుల మధ్య ఆ ఇబ్బంది దాదాపు పోతే, అది యాంగ్జైటీ వైపు చూపిస్తుంది. ప్రాణంలా చూసుకునే వాళ్లతో ఉన్నా మాట వెనక మాట అందకపోవడం, చప్పుళ్లూ వాసనలూ ఒంటికి తగిలేవీ బాధించడం, అనుకున్న వరస తప్పితే లోపలంతా చెదిరిపోవడం, ఇవన్నీ చిన్నప్పటి నుంచే ఉంటే ఆటిజం వైపు చూపిస్తుంది. మీ ఉత్తరంలో రెండో రకం గుర్తులు నాకు కనిపించాయి, కానీ ఉత్తరం చదివి నేను చెప్పగలిగింది అంతవరకే.

‘పెళ్లయింది, ఉద్యోగం చేస్తున్నారు, మీకేం ఆటిజమండీ’ అనే డాక్టర్ ఎదురైతే గొడవపడకండి, కుంగిపోకండి. ‘సరే డాక్టర్ గారూ, మరి చిన్నప్పటి నుంచి నాకు ఇలా ఎందుకు ఉంటోందంటారు?’ అని నోట్‌బుక్ ముందు పెట్టండి. దానికి ఆలోచించి జవాబిస్తే వినండి, అందులో నిజం ఉండొచ్చు. చూడకుండానే పక్కకు తోసేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

కాగితం గురించి మీ భయం ఒట్టి భయం కాదు. అత్తగారిల్లు, పాప, ఉద్యోగం ఉన్న మనిషి అలా ఆలోచించడం సహజం. కాబట్టి వివరంగా చెబుతాను. మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం డాక్టర్ బాధ్యత. మీ ఆయనకైనా మీ అనుమతి లేకుండా రిపోర్ట్ ఇవ్వకూడదు. మానసిక సమస్య ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషి మతిస్థిమితం లేని మనిషి అయిపోదని అదే చట్టంలో ఉంది. విడాకుల సంగతికొస్తే హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక రుగ్మత ఒక కారణంగా ఉన్నమాట నిజమే. కానీ పేరు చూపిస్తే సరిపోదు, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉందని నిరూపించాలి. 1988లో స్కిజోఫ్రేనియా కేసులోనే సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అయినా సరే, రిపోర్ట్ మీ మెయిల్‌లో, మీ దగ్గర ఉంచుకోండి. ఇంట్లో ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు మీది. ఒకవేళ గొడవ ఇప్పటికే కోర్టు దాకా వెళ్లేలా ఉంటే మాత్రం రిపోర్ట్‌కు ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి.

డయాగ్నసిస్ వేరు, వికలాంగుల సర్టిఫికెట్ వేరు. డాక్టర్ ఆటిజం అన్నంత మాత్రాన మీ పేరు ఏ ప్రభుత్వ జాబితాలోకీ ఎక్కదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ఆటిజం 21 వైకల్యాల్లో ఒకటి. సర్టిఫికెట్ కావాలంటే మీరే దరఖాస్తు చేసుకోవాలి. రిజర్వేషన్ లాంటి వాటికి కనీసం 40 శాతం ఉండాలి. ఆ శాతం లెక్కకు వాడే స్కేల్ ఐఎస్‌ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం). మన సికింద్రాబాద్‌లో బుద్ధి వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థలోనే తయారైంది. 40 అంశాలుంటాయి, 70 మార్కులు, అంతకంటే ఎక్కువ వస్తే ఆటిజం కింద లెక్క. పైకి కనిపించే ప్రవర్తనకు మార్కులు వేసే స్కేల్ కాబట్టి మీలా అన్నీ లోపల దాచుకునే వాళ్లకు తక్కువ రావొచ్చు. అప్పుడు సర్టిఫికెట్ రాకపోయినా మీ డయాగ్నసిస్ అబద్ధమైపోదు. ఈ సర్టిఫికెట్ పనిని ఇప్పుడే మీద వేసుకోకండి.

ఉద్యోగం గురించి ఒక మాట. ఆ దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు వైకల్యం ఉన్న ఉద్యోగి పట్ల వివక్ష చూపకూడదు, పనిచేయడానికి తగిన సర్దుబాట్లు చేయాలి. ఆచరణలో ఆఫీసులు సర్టిఫికెట్ అడుగుతాయి. అయితే అన్నిటికీ కాగితం అక్కర్లేదు. మేనేజర్ మంచివాడైతే ‘సార్, లోన్ల పనిలో నా రికార్డ్ మీకు తెలుసు, నన్ను అటువైపు వేస్తే బ్రాంచ్‌కి ఎక్కువ పనికొస్తాను’ అని రాతపూర్వకంగా అడిగి చూడండి. అది డయాగ్నసిస్ లేకుండానే అడగగలిగే మాట, ఈ నెలలోనే అడగగలిగే మాట.

లాభమేంటి అని అడిగారు. ముందు ఏది రాదో చెబుతాను. ఆటిజాన్ని తగ్గించే మందు లేదు. ఎవరైనా స్టెమ్ సెల్స్ అని, ప్యాకేజీ అని, పూర్తిగా నయం అని డబ్బు అడిగితే వెనక్కి తిరిగి వచ్చేయండి. మీ అక్కకూ ఈ మాట చెప్పండి, పిల్లల తల్లుల చుట్టూ ఇలాంటివాళ్లు ఎక్కువ. వచ్చేది ఏంటంటే, సరైన దిశలో సాయం. ఆటిజం ఉన్న మనిషికి యాంగ్జైటీ వైద్యం చేసేటప్పుడు ‘నలుగురిలోకి ఇంకా ఇంకా వెళ్లండి, అలవాటవుతుంది’ అనే ఒక్క సూత్రం పనిచేయదు. డీజే చప్పుడు పదిసార్లు విన్నా అలవాటు కాదు, పదోసారికి ఇంకా నలిగిపోతారు. ఆ సంగతి తెలిసిన థెరపిస్ట్ అయితే చెవులకు ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవడం, ఫంక్షన్‌లో గంట ఉండి వచ్చేయడం, తర్వాతి రోజు ఖాళీగా ఉంచుకోవడం, జాకెట్ లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయించుకోవడం లాంటి వాటి మీద మీతో పనిచేస్తారు. ఇవి చిన్న విషయాలు కావు. రోజుకు ఇలాంటివి ఇరవై ఉంటాయి, మీరు ఇంతకాలం ఇరవైనీ పళ్ల బిగువున భరిస్తూ వచ్చారు. వీటిలో చాలావాటికి రిపోర్ట్ వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, రేపే మొదలుపెట్టండి.

ఇంకోటి. 34 ఏళ్లు మిమ్మల్ని మీరు పొగరుబోతు, చేతకానిది అనుకుని ఉంటారు. అలా అనుకుంటూ బతికిన మనిషికి కారణం తెలియడం ఎంత అవసరమో నేను తక్కువ చేసి చెప్పలేను. కొందరు రిపోర్ట్ చేతికొచ్చిన రోజు తేలికపడతారు. కొందరికి మాత్రం ఇన్నేళ్లు ఎవరూ చూడలేదే అని కోపం, దుఃఖం వస్తాయి. రెండూ వచ్చినా కంగారు పడకండి.

మీ ఆయనతో ఆటిజం అనే పేరు మీద వాదించకండి. ఆయనకు ఒక సాయంత్రం ఆ నోట్‌బుక్ చదవమని ఇవ్వండి. మంచివాడని మీరే రాశారు. పక్కన పడుకునే మనిషి ఫంక్షన్‌కి ముందు ఇంత పడుతుందని ఆయనకు నిజంగా తెలియకపోవచ్చు. వీలైతే ఒక సిట్టింగ్‌కు వెంట తీసుకెళ్లండి, కానీ మొదటి అరగంట మీరు ఒక్కరే మాట్లాడతానని డాక్టర్‌ను ముందే అడగండి. అత్తమ్మకు పేరు చెప్పనవసరం లేదు. ‘అత్తమ్మా, మిక్సీ సప్పుడుకు నా తల పగుల్తది, జెరసేపు అవతలికి పోయొస్త’ అంటే సరిపోతుంది. అది పొగరు కాదని ఆమెకు ఒక్కరోజులో అర్థం కాదు, మెల్లగా అవుతుంది. పాప గురించి మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. ఆటిజం కుటుంబాల్లో వచ్చే అవకాశం ఎక్కువే, అయినా తల్లికి ఉంటే పిల్లకు ఉంటుందని లెక్క లేదు. పాపకు బడిలో, ఆటలో ఇబ్బంది కనిపిస్తే చూపించండి, లేకపోతే వెతుక్కుంటూ పోకండి.

ఫోన్ చేయడం కష్టమన్నారు. చాలా ఆస్పత్రులకు, సైకాలజిస్టులకు ఇప్పుడు వాట్సాప్ నంబర్ ఉంటోంది. కింది మెసేజ్‌ను అలాగే పంపండి, మార్చుకోవాలనిపిస్తే మార్చుకోండి:

‘నమస్తే. నా వయసు 34, మహిళను. చిన్నప్పటి నుంచి ఉన్న ఇబ్బందుల వల్ల నాకు ఆటిజం ఉందేమో పరీక్ష చేయించుకోవాలనుకుంటున్నాను. ఇప్పుడు డిప్రెషన్ లక్షణాలు కూడా ఉన్నాయి. మీ దగ్గర పెద్దవాళ్లకు ఆటిజం అసెస్‌మెంట్ చేస్తారా? చేసేవారి అర్హత, ఆర్‌సీఐ నంబర్, ఎన్ని సిట్టింగులు, మొత్తం ఫీజు, రాతపూర్వక రిపోర్ట్ ఇస్తారా అన్నది తెలియజేయండి. ఫోన్‌లో మాట్లాడటం నాకు కష్టం, దయచేసి మెసేజ్‌లోనే జవాబివ్వండి.’

ఒకేసారి నాలుగైదు చోట్లకు పంపండి. పిల్లలకే చేస్తాం అని కొందరు అంటారు. వాళ్లనే ‘పెద్దవాళ్లకు చేసేవాళ్లు మీకు తెలిసి ఎవరున్నారు?’ అని తిరిగి అడగండి. ఈ పని చేసేవాళ్లకు ఒకరి గురించి ఒకరికి తెలుస్తుంది కాబట్టి, సరైన మనిషి పేరు చాలాసార్లు అలాగే దొరుకుతుంది.